ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా? వెబ్ ప్రోగ్రాముల్లో తేదీల తికమక

03-04-2025 అని ఉన్న కాటా రసీదును పాలకొల్లులోనో రావులపాలెంలోనో ఎవరికి చూపించినా ఏప్రిల్ మూడో తారీఖు అనే చదువుతారు. దాళ్వా కోతల రోజులు కాబట్టి అనుమానం కూడా రాదు. ఆ అక్షరాలనే సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీ భాషలో, అక్షరాలను తేదీగా చదివే స్ట్ర్‌టుటైమ్ ఫంక్షన్‌కు ఇస్తే అదీ ఏప్రిల్ 3 అనే అంటుంది. క్రోమ్ బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ భాషలోని డేట్‌కు ఇస్తే మార్చి 4 అంటుంది. మధ్యనున్న అడ్డగీతలు తీసి ఏటవాలు గీతలతో 03/04/2025 అని ఇస్తే పీహెచ్‌పీ కూడా ప్లేటు ఫిరాయించి మార్చి 4 అంటుంది. ఎక్కడా ఎర్రర్ రాదు, లాగ్‌లో ఒక్క వాక్యం పడదు. డేటాబేస్‌లోకి వెళ్లి కూర్చున్నాక ఆ తేదీ తప్పని చెప్పే గుర్తేదీ మిగలదు.

పీహెచ్‌పీ చేసేది దాని మాన్యువల్‌లో రాసి ఉన్న పనే. అంకెల మధ్య ఏటవాలు గీత ఉంటే అమెరికా పద్ధతి, అంటే నెల ముందు. అడ్డగీత గానీ చుక్క గానీ ఉంటే రోజు ముందు. జావాస్క్రిప్ట్ ప్రమాణమైతే సంవత్సరం-నెల-రోజు వరుసలో ఉన్న రూపానికే హామీ ఇస్తుంది. మిగతా రూపాలను ఎలా చదవాలన్నది బ్రౌజర్ తయారీదారుల ఇష్టం. అందుకే ఒక బ్రౌజర్‌లో నడిచిన పేజీ ఇంకో బ్రౌజర్‌లో చెల్లని తేదీ అంటూ మొరాయిస్తుంది.

ఈ తప్పు ఎన్నాళ్లైనా బయటపడకపోవడానికి కారణం లెక్కలో ఉంది. లీపు కాని ఏడాదిలోని 365 తేదీల్లో రోజు అంకె 12 దాటనివి 144. వాటిలో 01-01, 02-02 లాంటి పన్నెండు తిరగేసినా అవే. మిగిలిన 132 తేదీలు చడీచప్పుడు లేకుండా వేరే రోజుగా మారిపోతాయి. రోజు అంకె 13 నుంచి మొదలయ్యే 221 తేదీలకు పదమూడో నెల అంటూ ఉండదు కాబట్టి ప్రోగ్రామ్ అక్కడే ఆగుతుంది. నెల రెండో సగంలో పరీక్షించినవాళ్లకు తప్పు వెంటనే దొరుకుతుంది, మొదటి వారంలో పరీక్షించినవాళ్లకు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. పరీక్షకు వాడే తేదీని ఎంచుకోవడంలోనూ ఇదే మెలిక. కోనసీమ, కాకినాడ, ఏలూరు కొత్త జిల్లాలుగా వచ్చిన 04-04-2022ను శాంపిల్ డేటాగా పెడితే ఎంత చెడ్డ ప్రోగ్రామైనా పాసవుతుంది. 03-04, 25-04, 31-01, 29-02-2024 నాలుగూ పెట్టి చూడాలి.

దాచేటప్పుడు వాడాల్సిన రూపం మీద వాదన 1988లోనే తీరిపోయింది. ఆ ఏడాది వచ్చిన ఐఎస్ఓ 8601 ప్రమాణం సంవత్సరానికి నాలుగు అంకెలు, నెలకు రెండు, రోజుకు రెండు అని వరుస చెప్పింది. ఇంటర్నెట్ అవసరాలకు దాన్నే కుదించి 2002లో ఆర్ఎఫ్‌సీ 3339 వచ్చింది. 2025-04-03 అని రాసినప్పుడు అక్షర క్రమంలో పేర్చినా కాలక్రమమే వస్తుంది. రోజు ముందు పెట్టి టెక్స్ట్‌గా దాచిన 01-12-2024 మాత్రం 02-01-2020 కన్నా ముందుకొచ్చి నిలబడుతుంది. సొసైటీలకూ మిల్లులకూ ఎప్పుడో రాసిన బిల్లింగ్ ప్రోగ్రాముల్లో తేదీ కాలమ్ వార్‌క్యార్‌గా, అంటే ఉత్త టెక్స్ట్‌గా ఉండిపోవడం మామూలే. సార్వా, దాళ్వా విడివిడిగా రిపోర్టు అడిగినప్పుడు అవి తెల్లమొహం వేయడానికి కారణం ఇదే.

అలాంటి కాలమ్‌ను మార్చాలంటే ఉన్నదాని మీదే చెయ్యి పెట్టకూడదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో పక్కన డేట్ రకం కాలమ్ ఒకటి కొత్తగా చేర్చాలి. స్ట్ర్‌టుడేట్ ఫంక్షన్‌కు రోజు, నెల, నాలుగంకెల సంవత్సరం అనే వరుసను నోటితో చెప్పినట్టు ఇచ్చి, ముందు సెలెక్ట్‌గా మాత్రమే, అంటే ఏదీ మార్చకుండా చూడటానికే నడపాలి. చదవలేని వరుసలు నల్‌గా, అంటే ఖాళీగా వస్తాయి, వాటిని లెక్కపెట్టాలి. ఇదేమీ చూడకుండా నేరుగా అప్‌డేట్ కొడితే, చెల్లని విలువను ఒప్పుకోని స్ట్రిక్ట్ మోడ్‌లో మొదటి చెడ్డ వరుస దగ్గరే ఎర్రర్‌తో ఆగిపోతుంది. స్ట్రిక్ట్ మోడ్ ఆపేసి నడిపిస్తే చడీచప్పుడు లేకుండా నల్‌లో, 0000-00-00 లాంటి దెయ్యాల తేదీలో చేరతాయి. రెండోది ఎక్కువ ప్రమాదం. నల్‌లు సరిచేశాక అప్‌డేట్ నడిపి, కొత్త కాలమ్‌లో అతి పాత తేదీ, అతి కొత్త తేదీ, నెలవారీ వరుసల సంఖ్య మూడూ చూడాలి. ధాన్యం కొనుగోలు పట్టికలో ఆగస్టు నెలకు వందల వరుసలు కనిపిస్తే ఏదో తిరగబడిందని అర్థం. ఆ నెలలో డెల్టాలో కోతలుండవు.

తేదీతో పాటు సమయమూ ఉండే డేట్‌టైమ్ కాలమ్ మీద ఏప్రిల్ రిపోర్టుకు 2025-04-01 నుంచి 2025-04-30 మధ్య అని బిట్వీన్ రాస్తే, 30వ తేదీ అర్ధరాత్రి దాటాక పడిన బిల్లులన్నీ మాయమవుతాయి. సమయం చెప్పని 30వ తేదీ అంటే డేటాబేస్‌కు 30వ తేదీ 00:00:00 అనే అర్థం. ఒకటో తేదీ లేదా ఆపైన, మే 1 కన్నా తక్కువ అని రాస్తే ఆ బెడద ఉండదు. కాలమ్‌ను డేట్ ఫంక్షన్‌లో చుట్టి పోల్చినా జవాబు సరిగానే వస్తుంది కానీ వెతకడాన్ని వేగం చేసే ఇండెక్స్ పనిచేయక లక్షల వరుసల పట్టిక నత్తనడక నడుస్తుంది.

రూపాలను మించిన చిక్కు ఇంకోటుంది. రైతు పుట్టినరోజు, చెరువులో సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన రోజు, రుణం వాయిదా రోజు అనేవి క్యాలెండర్‌లో ఒక గడి. అవి ఏ దేశంలో చూసినా అదే గడి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు తాకి మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడిన సమయం అలాంటిది కాదు. అది ప్రపంచమంతటికీ ఒకే క్షణం, కానీ ఒక్కో చోట గడియారంలో ఒక్కోలా కనిపిస్తుంది. మొదటి రకానికి డేట్ అనే రకం చాలు, టైమ్ జోన్ దాని దగ్గరకు రాకూడదు. రెండో రకాన్ని యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో దాచి, చూపించేటప్పుడు స్థానిక సమయంలోకి తేవాలి. తేదీల మీద వచ్చే ఫిర్యాదుల్లో అంతుపట్టనివి చాలావరకు మొదటి రకాన్ని రెండో రకంగా దాచడం వల్ల వచ్చేవే.

భారత ప్రామాణిక సమయం యూటీసీ కన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. దానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ సమీపం నుంచే వెళ్తుంది కాబట్టి డెల్టాలో గడియారానికీ సూర్యుడికీ పెద్ద తేడా ఉండదు. జావాస్క్రిప్ట్‌కు మాత్రం ఈ అయిదున్నర గంటలు తరచూ కాలికి అడ్డం పడతాయి. ఇండియా సమయం పెట్టిన కంప్యూటర్ మీద ఏప్రిల్ 3 అర్ధరాత్రితో ఒక డేట్ వస్తువు తయారుచేసి దాన్ని టుఐఎస్ఓస్ట్రింగ్‌తో అక్షరాల్లోకి మారిస్తే 2025-04-02, ఆ తర్వాత టీ అక్షరం, 18:30:00.000, చివర జెడ్ వస్తాయి. దాంట్లో మొదటి పది అక్షరాలు కోసి సర్వర్‌కు పంపితే ఏప్రిల్ 2 చేరుతుంది. ఎంచుకున్న దానికంటే ఒకరోజు ముందు సేవ్ అవుతోందన్న ఫిర్యాదు వస్తే ముందుగా వెతకాల్సింది ఈ ఫంక్షన్‌నే.

దీని చెల్లెలు లాంటిది ఇంకోటి. 2025-04-03 అని తేదీ ఒక్కటే ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా చదువుతుంది. పక్కన టీ పెట్టి 00:00 చేరిస్తే స్థానిక అర్ధరాత్రిగా చదువుతుంది. మొదటి పద్ధతి ఇండియాలో ఏప్రిల్ 3 ఉదయం 5:30 అవుతుంది కాబట్టి తేదీ చెడదు, అందుకే ఇక్కడ ఎవరూ పట్టించుకోరు. అదే పేజీని అమెరికాలో ఉన్న కొడుకు తెరిస్తే నాన్న పుట్టినరోజు ఒకరోజు వెనక్కి కనిపిస్తుంది. విరుగుడు తేలికే. అక్షరాలను అడ్డగీతల దగ్గర విడదీసి మూడు అంకెలుగా తీసుకుని, నెలలోంచి ఒకటి తీసి డేట్‌కు ఇవ్వాలి. నెలలు ఇందులో సున్నా నుంచి మొదలవుతాయి, ఏప్రిల్ అంటే 3. తిరిగి అక్షరాలు చేసేటప్పుడు గెట్‌ఫుల్‌ఇయర్, గెట్‌మంత్‌కు ఒకటి కలిపి, గెట్‌డేట్ వాడి అంకెలను రెండు స్థానాలకు నింపాలి. గెట్‌డే అనేది వారంలో ఎన్నో రోజో చెప్పేది, తారీఖు కాదు. కొత్తగా బ్రౌజర్లలో చేరుతున్న టెంపోరల్ అనే జావాస్క్రిప్ట్ సదుపాయంలో తేదీకి, క్షణానికి వేర్వేరు రకాలు పెట్టడం ఈ గొడవ చూసే. జావాస్క్రిప్ట్‌లో తేదీలకు వాడే మొమెంట్ లైబ్రరీని దాని తయారీదారులే 2020 నుంచి నిర్వహణకే పరిమితం చేశారు. కొత్త పనికి అది వద్దు.

ఆక్వా రైతుల కోసం రాసే ప్రోగ్రాముల్లో ఈ తేడా నేరుగా మేత బస్తాల్లో తేలుతుంది. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో అన్నీ డీఓసీ మీద, అంటే సీడ్ వేసి ఎన్నాళ్లయిందన్న లెక్క మీద నడుస్తాయి. ఫిబ్రవరి 3న సీడ్ వేసిన చెరువుకు ఏప్రిల్ 3న 59 రోజులు. 03-02-2025ను తిప్పి చదివి మార్చి 2 అనుకుంటే 32 రోజులే వస్తాయి. 59 రోజుల చెరువుకు 32 రోజుల మేత పట్టిక చూపిస్తుంది. మైనస్ అంకె వస్తే ఎవరైనా పట్టుకుంటారు, 32 అన్నది నమ్మదగిన అంకె కావడమే ప్రమాదం. ఇక రోజుల లెక్కకు ఇప్పటి సమయంలోంచి సీడ్ వేసిన సమయం తీసేసి 8,64,00,000 మిల్లీసెకన్లతో భాగించడం పరిపాటి. అలా చేస్తే ఉదయం ఒక అంకె, సాయంత్రం ఇంకో అంకె రావచ్చు. రెండు తేదీలనూ డేట్.యూటీసీతో అర్ధరాత్రికి దించి భాగించాలి. సీడ్ వేసిన రోజును సున్నా అనాలో ఒకటి అనాలో రైతును అడిగి ఒకచోట రాసిపెట్టుకోవాలి. మేత కంపెనీ పట్టిక ఒకటితో మొదలై ప్రోగ్రామ్ సున్నాతో మొదలైతే పంట చివరిదాకా ఒకరోజు తేడా వెంటాడుతుంది.

సర్వర్ వైపు టైమ్ జోన్ మూడు చోట్ల ఉంటుంది: ఆపరేటింగ్ సిస్టమ్‌లో, పీహెచ్‌పీలో, మైఎస్‌క్యూఎల్ సెషన్‌లో. పీహెచ్‌పీకి ఏమీ చెప్పకపోతే యూటీసీ అనుకుంటుంది. ఆసియా/కోల్‌కతా అని కాన్ఫిగరేషన్‌లో రాయాలి. మైఎస్‌క్యూఎల్‌కు కనెక్షన్ తెరిచిన వెంటనే +05:30 అని చెప్పడం సుళువు. కోల్‌కతా పేరుతో చెప్పాలంటే టైమ్ జోన్ పట్టికలు ముందే నింపి ఉండాలి. నింపని సర్వర్‌లో కన్వర్ట్‌టీజెడ్ ఫంక్షన్‌కు ఆ పేరు ఇస్తే నల్ తిరిగొస్తుంది. తేడా ఎంతో చూస్తే జబ్బేమిటో తెలిసిపోతుంది. వరద మట్టం నమోదైన సమయం సరిగ్గా అయిదున్నర గంటలు తేడాగా కనిపిస్తే ఎక్కడో ఒక మార్పిడి జరగలేదు, లేదా అక్కర్లేకుండా ఒకటి జరిగింది. 11 గంటలు తేడా ఉంటే, చేయాల్సిన దిశకు ఎదురు దిశలో మార్చారు. బ్రౌజర్ చెప్పిన టైమ్ జోన్ పేరును ఆసియా/కోల్‌కతాతో అక్షరం అక్షరం పోల్చే కోడ్ రాయకూడదు. కొన్ని బ్రౌజర్లు ఇప్పటికీ ఆసియా/కలకత్తా అనే పాత పేరే చెబుతాయి.

మైఎస్‌క్యూఎల్‌లోని టైమ్‌స్టాంప్ రకం సెషన్ జోన్‌ను బట్టి లోపలికి, బయటికి తనంతట మారుతుంది. డేట్‌టైమ్ రాసింది రాసినట్టే ఉంచుతుంది. టైమ్‌స్టాంప్‌కు 1970 ముందు కాలం తెలియదు, 2038 జనవరి 19 మన టైమ్ ఉదయం 8:44:07 తర్వాతిదీ తెలియదు. 1960లో పుట్టిన రైతు పుట్టినరోజు అందులో పట్టదు. 2025లో తీసుకున్న పదిహేనేళ్ల ఇంటి రుణం చివరి వాయిదా 2040లో వస్తుంది, అదీ పట్టదు. ఇది 2038లో వచ్చే సమస్య కాదు, ఇప్పటికే వచ్చింది.

ఫారంలో తేదీ తీసుకోవడానికి హెచ్‌టీఎంఎల్‌లోని డేట్ ఇన్‌పుట్ మంచి మార్గమే, కానీ దాని స్వభావం తెలిసి వాడాలి. తెర మీద ఎలా కనిపించినా లోపలి విలువ ఎప్పుడూ సంవత్సరం-నెల-రోజే. తెర మీది వరుస ప్రోగ్రామర్ చేతిలో ఉండదు, బ్రౌజర్ భాషా సెట్టింగ్‌ను బట్టి ఉంటుంది. నెట్ సెంటర్లలో కంప్యూటర్లు ఎక్కువగా అమెరికన్ ఇంగ్లిష్‌తోనే ఇన్‌స్టాల్ అయి ఉంటాయి కాబట్టి గడిలో నెల ముందు కనిపిస్తుంది. చేయి తిరిగిన ఆపరేటర్ గడి వంక చూడకుండా 03, 04, 2025 అని కొట్టుకుంటూ పోతాడు, మార్చి 4 సేవ్ అవుతుంది. క్యాలెండర్ బొమ్మ నొక్కి ఎంచుకోమంటే రోజుకు మూడొందల రసీదులు కొట్టేవాళ్లు వినరు. ఇలాంటి చోట రోజు, నెల, సంవత్సరం మూడు విడి గడులుగా పెట్టి, నెలను పేరుతో చూపించడం మేలు. కనీసం గడి కింద ఎంచుకున్న తేదీని వారం పేరుతో సహా అప్పటికప్పుడు చూపించాలి. 2025 ఏప్రిల్ 3 గురువారం, మార్చి 4 మంగళవారం. కింద మంగళవారం అని కనబడితే ఎదురుగా కూర్చున్న రైతే తప్పు పట్టేస్తాడు.

టెక్స్ట్‌గా వచ్చిన తేదీని పీహెచ్‌పీలో చదవాల్సి వస్తే స్ట్ర్‌టుటైమ్‌ను పక్కన పెట్టి డేట్‌టైమ్ తరగతిలోని క్రియేట్‌ఫ్రమ్‌ఫార్మాట్ వాడాలి. దానికీ మూడు మెలికలున్నాయి. ఫార్మాట్ ముందు ఆశ్చర్యార్థకం పెట్టకపోతే సమయం భాగంలో ఇప్పటి గంటలు, నిమిషాలు చొరబడతాయి. ఒకే తేదీలు రెండు పోల్చితే సమానం కాదంటుంది. 31-02-2025 ఇస్తే ఎర్రర్ రాకుండా మార్చి 3కు జారిపోతుంది, హెచ్చరిక మాత్రం గెట్‌లాస్ట్‌ఎర్రర్స్‌లో అడిగితేనే చెబుతుంది. నాలుగంకెల సంవత్సరం అడిగిన చోట 25 అని ఇస్తే క్రీస్తుశకం 25వ సంవత్సరంగా తీసుకుంటుంది. ఈ మూడింటిలో చివరి రెంటికీ ఒకే మందు: చదివిన తేదీని మళ్లీ అదే ఫార్మాట్‌లో అక్షరాలు చేసి, వచ్చినదానితో పోల్చాలి, తేడా ఉంటే తిప్పి పంపాలి.

రెండంకెల సంవత్సరం విషయంలో ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో గీత. మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ 69 వరకు 2000ల్లోకి, 70 నుంచి 1900ల్లోకి వేస్తాయి. పైథాన్‌లో ఆ గీత 68 దగ్గర ఉంది. ఎక్సెల్ విండోస్ సెట్టింగ్‌ను బట్టి నడుస్తుంది, చాలా కంప్యూటర్లలో 29 వరకే 2000లు అంటుంది. పింఛను జాబితాలో 12-06-48 అని ఉన్న పెద్దాయన అలాంటి ఎక్సెల్‌లో 1948లో పుడతాడు, డేటాబేస్‌లో 2048లో పుడతాడు. పుట్టినరోజు ఈ రోజు కన్నా ముందే ఉండాలన్న ఒక్క షరతు పెడితే ఈ రకం అంతా ఆగిపోతుంది.

ఎక్సెల్ సంగతి వచ్చింది కాబట్టి, డేటా పాడయ్యే పెద్ద గండి అదే. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్) ఫైలును రెండుసార్లు నొక్కి తెరిస్తే ఎక్సెల్ విండోస్ ప్రాంతీయ సెట్టింగ్ ప్రకారం తేదీలను తనే మార్చేస్తుంది. అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో 03-04-2025 మార్చి 4 అవుతుంది, 25-04-2025 మాత్రం టెక్స్ట్‌గా మిగిలిపోతుంది. ఒకే కాలమ్‌లో కొన్ని గడులు కుడివైపు, కొన్ని ఎడమవైపు ఒదిగి కనిపిస్తే ఇదే జరిగింది. కుడివైపువి తేదీలు, ఎడమవైపువి అక్షరాలు. సేవ్ నొక్కకుండా మూసేసి, డేటా ట్యాబ్‌లోంచి ఫైలును దిగుమతి చేసుకుంటూ ఆ కాలమ్‌ను టెక్స్ట్ అని చెప్పాలి. ఎక్సెల్ సొంత రూపమైన ఎక్స్ఎల్ఎస్ఎక్స్ ఫైలును ప్రోగ్రామ్‌తో చదివితే తేదీ బదులు 45750 లాంటి అంకె వస్తుంది. అది 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని లెక్కించిన రోజుల సంఖ్య. అందులోంచి 25569 తీసేస్తే 1970 నుంచి ఎన్ని రోజులో వస్తుంది, 86400తో హెచ్చిస్తే యునిక్స్ సెకన్లు. 45750కి ఈ లెక్క వేస్తే 2025 ఏప్రిల్ 3. లేని 1900 ఫిబ్రవరి 29ని ఎక్సెల్ ఉన్నట్టే లెక్కించడం వల్ల ఆ ఏడాది మొదటి రెండు నెలల్లో ఈ సూత్రం ఒకరోజు తప్పుతుంది, కానీ ధాన్యం రసీదులకు ఆ అవసరం రాదు.

నెల కలపడం కూడా పైకి కనిపించేంత మామూలు పని కాదు. 2025 జనవరి 31కి ఒక నెల కలపమంటే మైఎస్‌క్యూఎల్ ఫిబ్రవరి 28 అంటుంది. పీహెచ్‌పీ, జావాస్క్రిప్ట్ మార్చి 3 అంటాయి. వాయిదా పట్టిక ఒకచోట, వడ్డీ లెక్క ఇంకోచోట వేసే సొసైటీ ప్రోగ్రామ్‌లో ఫిబ్రవరి వాయిదా ఒకటి ఎగిరిపోయి మార్చిలో రెండు కనిపించేది ఇందుకే. రెండో వాయిదాను మొదటిదానికి, మూడోదాన్ని రెండోదానికి నెల కలుపుతూ పోకూడదు. 28కి దిగిన వాయిదా మళ్లీ 31కి ఎక్కదు. ప్రతి వాయిదానూ అసలు తేదీ నుంచే లెక్కించాలి.

ఫార్మాట్ అక్షరాల్లో పొరపాట్లు పాతవే అయినా చావవు. జావాలో క్యాపిటల్ ఎం నెల, స్మాల్ ఎం నిమిషం. పీహెచ్‌పీలో నిమిషానికి ఐ, క్యాపిటల్ ఎం పెడితే నెల పేరు. మైఎస్‌క్యూఎల్‌లో పర్సెంట్ గుర్తు తర్వాత ఐ నిమిషం. నెల అంకె 59 దాకా ఎప్పుడైనా కనిపిస్తే నిమిషాలు నెలగా అచ్చవుతున్నాయి. జావాలో నాలుగు క్యాపిటల్ వైలు పెడితే అది వారాల లెక్కలో సంవత్సరం. ఏడాదంతా సరిగ్గా ఉండి, 2024 డిసెంబరు 30న 2025 అని చూపిస్తుంది. సంక్రాంతి ముందు ఆ రెండు మూడు రోజులే కనిపించి మాయమయ్యే తప్పు కాబట్టి మళ్లీ ఏడాది దాకా ఎవరికీ గుర్తుండదు. పీహెచ్‌పీ ఇంటల్ ఎక్స్‌టెన్షన్‌లోని ఫార్మాటర్‌కూ ఇదే జబ్బుంది.

ఇక చూపించడం. తెలుగులో నెల పేరు రాస్తే పైన చెప్పిన తికమకలో సగం పుట్టదు. బ్రౌజర్లో ఇంటల్.డేట్‌టైమ్‌ఫార్మాట్‌కు టీఈ-ఐఎన్ అనే భాషా సంకేతం, నెలకు లాంగ్ అని చెబితే తెలుగు పేర్లు వాటంతటవే వస్తాయి. నెల పేర్లు చేత్తో టైపు చేసి జాబితా పెట్టుకోవడం దండగ. అది ఇచ్చే వరుస 3 ఏప్రిల్, 2025 తరహాలో ఉంటుంది. తెలుగు పత్రికలు 2025 ఏప్రిల్ 3 అనో ఏప్రిల్ 3, 2025 అనో రాస్తాయి. ఆ వరుస కావాలంటే ఫార్మాట్‌టుపార్ట్స్‌తో ముక్కలు తీసుకుని పేర్చుకోవాలి. తెలుగు అంకెలు కావాలంటే సంఖ్యా పద్ధతిగా టీఈఎల్‌యూ అని చెప్పవచ్చు. పెళ్లి శుభలేఖకు అందంగానే ఉంటుంది, బిల్లు మీద ౩ను, ౬ను ఈ తరంలో తడుముకోకుండా చదివేవాళ్లు తక్కువ. సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ 13వ వెర్షన్‌కు ముందు అక్కడ ఇంగ్లిష్ తప్ప వేరే భాషల పేర్లు మామూలుగా ఉండేవి కావు, పాత సర్వర్‌లో తెలుగు అడిగితే ఇంగ్లిష్ వచ్చేది అందుకే. పీహెచ్‌పీ డేట్ ఫంక్షన్ ఎప్పుడూ ఇంగ్లిష్ పేర్లే ఇస్తుంది. రసీదును పీడీఎఫ్‌గా ఇచ్చేచోట ఇంకో అడ్డంకి: ఒత్తులను పేర్చడం తెలియని లైబ్రరీ ఏప్రిల్‌లోని ప్రి ఒత్తును విడగొట్టి పారేస్తుంది. ఎంపీడీఎఫ్ లాంటి, భారతీయ లిపుల కూర్పు తెలిసినది వాడాలి.

సమయం చూపేటప్పుడు ఏఎం, పీఎం కన్నా తెల్లవారుజాము, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అన్నవి జనానికి దగ్గర. ఏ గంట నుంచి ఏ గంటదాకా ఏ మాటో అయిదారు వరుసల ఫంక్షన్ రాసుకోవాలి. రాత్రి 12 అన్నది ఏ తేదీ కిందకొస్తుందో ఇద్దరు ఒకలా చెప్పరు కాబట్టి గడువు తేదీలకు 11:59 అని రాయడం ఉత్తమం. కోనసీమ నుంచి కువైట్, ఖతార్ వెళ్లినవాళ్లు ఊళ్లోని విషయాలు ఫోన్లోనే చూస్తారు. బ్రౌజర్ వాళ్ల స్థానిక సమయం వాడితే మన అర్ధరాత్రి కువైట్‌లో ముందురోజు రాత్రి 9:30గా కనిపిస్తుంది. దర్శనం టికెట్, బస్సు, కరెంటు బిల్లు గడువు లాంటివి ఏ దేశంలో చూసినా ఇక్కడి సమయమే చూపాలి, ఫార్మాటర్‌కు టైమ్ జోన్ కోల్‌కతా అని విడిగా చెప్పాలి.

తిథి మాత్రం ఫార్మాట్ మార్పిడితో వచ్చేది కాదు. సూర్యోదయానికి ఏ తిథి ఉందన్నదాని మీద రోజు తేలుతుంది, ఒక తిథి రెండు సూర్యోదయాలకు ఉండవచ్చు, ఒక్క దానికీ లేకుండా పోవచ్చు. గుడి వెబ్‌సైట్లలో ఇంగ్లిష్ తేదీని డేట్‌గా దాచి, తిథిని పంచాంగం చూసి పక్కన టెక్స్ట్‌గా చేర్చుకోవాలి.

ఇప్పటికే తిరగబడిన డేటాను బాగుచేయాల్సి వస్తే, ఉన్నవన్నీ మళ్లీ తిప్పేయడం పనికిరాదు. రోజు అంకె 12 దాటిన వరుసలు ఎటూ సరైనవే, అవి తిరగబడలేవు. మిగతావాటిని ఆటో నంబర్ క్రమంలో పేర్చాలి. ముందు వెనక ఉన్న వరుసల తేదీలు ఏప్రిల్ 2, ఏప్రిల్ 4 అయి మధ్యలోది మార్చి 4 అంటే దాన్ని తిప్పవచ్చు. సృష్టించిన సమయం వేరే కాలమ్‌లో ఉంటే అది ఇంకా గట్టి సాక్ష్యం. ఎక్సెల్ నుంచి ఒకేసారి ఎక్కించిన వరుసలకు ఆ రెండూ పనికిరావు, అన్నిటికీ ఒకే సమయం పడి ఉంటుంది. అక్కడ పంట కాలం చూడాలి. ధాన్యం రసీదు తేదీ సెప్టెంబరు 4 అని ఉంటే అది ఏప్రిల్ 9 అయి ఉండాలి. 11-12, 12-11 లాంటివి రెండూ సార్వా కోతల్లోనే పడతాయి కాబట్టి ప్రోగ్రామ్ తేల్చలేదు. పాత విలువను వేరే కాలమ్‌లో ఉంచి, ఇలాంటి వరుసలకు ఒక గుర్తు పెట్టి జాబితా తీసి, సొసైటీలో కాగితం రసీదు పుస్తకంతో సరిచూడమని ఇవ్వాలి.